పై దవడ, కుడి వైపు

పట్టకారు సార్ ఆ పన్నును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కిటికీ వెలుతురులో ఒకసారి తిప్పి చూశాడు. రెండోసారి తిప్పలేదు. మిగతావాళ్ళ పళ్ళను అటు తిప్పి ఇటు తిప్పి, కత్తి మొనతో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూసిన మనిషి, చిట్టి చెక్కిన పన్నును మాత్రం ఇలా చూసి అలా బల్ల మీద పడేశాడు.

"ఎవరిదిది?" అని అడిగాడు.

"నాదే సార్," అంది చిట్టి.

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. పట్టకారు నవ్వలేదు. ఊళ్ళోవాళ్ళ పళ్ళు పీకే ఆయన నోట్లోంచి మాట పీకడం ఎవరి తరమూ కాదని పిల్లలు ఆ పేరు పెట్టారు. మార్కుల కాగితం మీద చిట్టి నంబరుకెదురుగా సున్నా చుట్టి, పక్కన ఒక్క ముక్కయినా రాయకుండా, తరవాతి పన్ను అందుకున్నాడు.

దంతవైద్య కళాశాలలో మొదటి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష అది. చీటీలో ఏ పన్ను వస్తే ఆ పన్నును మైనపు దిమ్మలోంచి, అసలుకు రెండింతల కొలతలో చెక్కి చూపించాలి. చిట్టికి పై దవడ కుడి వైపు మొదటి పెద్ద పన్ను వచ్చింది. చీటీ విప్పగానే లోలోపల ఎగిరి గంతేసింది. ఆ పన్ను దానికి కొట్టిన పిండి. నాలుగు మిట్టలు, వాటి మధ్య ఏటవాలుగా నడిచే గట్టు, అంగిలి వైపు మూల మీద చిన్న బొడిపె, మూడు వేర్లు, అన్నీ కళ్ళు మూసుకుని చెక్కగలదు. చెక్కింది కూడా. ఆఖర్న మెత్తటి గుడ్డతో రుద్దేసరికి అప్పుడే ఎవరి దవడలోంచో ఊడి వచ్చినట్టు మెరిసింది. పక్క బల్ల దగ్గర, గాభరా అని అందరూ ఆటపట్టించే పిల్ల చెక్కినది పన్నో బంగాళాదుంపో దానికే తెలియదు. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి ఏవేవో అడిగొచ్చింది కూడా. అది పాస్.

పరీక్ష తప్పిన పళ్ళన్నీ మైనం కరిగించే గిన్నెలోకి పోతాయి. అటెండరు గిన్నె కింద మంట పెట్టేలోగా చిట్టి తన పన్నును అందులోంచి తీసుకుని, దూదిలో చుట్టి, ఖాళీ సబ్బుపెట్టెలో పెట్టుకుని బయటికొచ్చింది. గేటు దాటేదాకా ఏడుపును పంటి బిగువున ఆపుకుంది. నిజానికి అది ఏడుపు కంటే ఎక్కువ కోపం. రాతపరీక్షలో క్లాసు మొత్తానికి రెండోది. ఈ సున్నాతో ఆ మార్కులన్నీ గంగలో కలిసినట్టే. సప్లిమెంటరీ గట్టెక్కకపోతే ఏడాది పోయి, వచ్చే ఏడు కొత్తగా చేరిన పిల్లల మధ్య కూర్చుని మళ్ళీ మొదటి దిమ్మ నుంచి మొదలుపెట్టాలి. గాభరా మాత్రం తెల్ల కోటు తొడుక్కుని రెండో ఏడాది మెట్లెక్కుతుంది. అది తలుచుకున్నప్పుడల్లా చిట్టికి ఒళ్ళు మండిపోయింది.

చిట్టి బాబాయి ఇంట్లో ఉండి చదువుకుంటోంది. బాబాయి బస్సు డిపోలో కండక్టరు. ఉద్యోగానికి కండక్టరే గాని, అసలు పని సంఘం నాయకత్వం. డిపోలో ఆయన్ని హారన్ అంటారు. ఎవరికి సెలవు ఆపినా, ఎవరి డ్యూటీ మార్చినా ఈయన మేనేజరు గది ముందు నిలబడి మోగడం మొదలుపెడతాడు. పని అయ్యేదాకా ఆ మోత ఆగదు. ఇంట్లో కూడా ఆ నోటికి తాళం ఉండదు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడగలడని పిన్ని అంటుంది, ఆ నురగ తుడుచుకునేది తనేనని కూడా అంటుంది.

చిట్టి సబ్బుపెట్టె తెరిచి పన్ను చేతిలో పెట్టగానే బాబాయి దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. తన నోట్లో వేలు పెట్టుకుని తడుముకుని మళ్ళీ చూశాడు. ఇంత పనితనానికి సున్నా వేసినవాడికి కళ్ళు లేకపోవాలి, లేదా మనసులో ఏదో ఉండాలి అని తేల్చేశాడు.

"కారణం రాశాడా?" అని అడిగాడు.

"ఏమీ రాయలేదు బాబాయ్. ఎవరిదిది అన్నాడంతే. ఇంకెవరిచేతో చెక్కించానని ఆయన అనుమానం."

"అందరి ముందూనా?"

"అందరి ముందూ."

బాబాయి ముఖం వెలిగిపోయింది. కారణం రాయకుండా కోత వేసినవాణ్ణి నిలదీయడం ఆయనకు అలవాటైన ఆట. డిపోలో అలాంటి కేసు ఒక్కటీ ఓడిపోలేదు. ఇక ఆ సారు తరవాత ఎన్ని కారణాలు చెప్పుకున్నా పనికిరావనీ, ఇది అప్పుడెందుకు రాయలేదు అన్న ఒక్క ప్రశ్నతో నోరు మూయించవచ్చనీ అన్నాడు. కాలేజీ నడిపే కమిటీ సెక్రటరీకి అప్పటికప్పుడే ఫోన్ చేశాడు. మాటల మధ్యలో యాభైమంది కండక్టర్లు గేటు ముందు కూర్చునే సంగతి కూడా మామూలుగా చెప్పినట్టు చెప్పాడు. సెక్రటరీ ఎల్లుండి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నాడు.

పిన్ని బట్టలు మడతపెడుతూ ఇదంతా వింది. "పోనీ ఆ సారునే అడగొచ్చు కదే, ఎందుకు వేశారు సార్ అని," అంది.

"ఆయన్ని నేనడగడమేంటి పిన్నీ?" అంది చిట్టి.

అడగడం చిట్టికి చేతకాదు. చేతకాదనడం కంటే నచ్చదనాలి. ల్యాబులో అందరూ అడుక్కుంటూనే చదివారు. పీకిన పళ్ళ కోసం ఊళ్ళో ఉన్న దంతవైద్యులందరి గుమ్మాలూ తొక్కారు, పై క్లాసువాళ్ళ దగ్గర పాత దిమ్మలు తెచ్చుకున్నారు, ల్యాబులో పెద్ద నమూనా దవడ చుట్టూ ఈగల్లా మూగి ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. ఆ గుంపు చూస్తే చిట్టికి చిరాకు. వెళ్ళి జరగండి అనడానికి నామోషీ. దానికి ఆ అవసరమేముంది? దాని నోట్లోనే పుచ్చు లేని పళ్ళు వరసగా ఉన్నాయి. గోడ అద్దం ముందు టార్చి పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి చూసుకుంటూ చెక్కేది. పుస్తకంలో బొమ్మ ఒక్కోసారి దీనికి అడ్డం తిరిగినట్టుండేది. అచ్చువేసినవాడు బొమ్మను తిరగేశాడనుకుంది. ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోని తప్పు తనే పట్టుకున్నానని ఆ రోజు అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువ తింది.

మర్నాడు బాబాయి డ్యూటీకి వెళుతూ చిట్టికి ఒక పని అప్పగించాడు. మాటలతో సగమే గెలుస్తాం, మిగతా సగం వస్తువు చూపించి గెలవాలి. కాలేజీలోనే ఉన్న పెద్ద నమూనా పన్ను తెప్పించి, దాని పక్కన నీ పన్ను పెడితే, సెక్రటరీకే కాదు, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టాకు కూడా నిజం తెలిసిపోతుంది అన్నాడు. ముందుగా వెళ్ళి అది ఎక్కడుందో చూసి రమ్మన్నాడు.

పరీక్షలైపోయిన ల్యాబు ఖాళీగా ఉంది. బల్లల మీద మైనపు తురుము ఊడ్చకుండా అలాగే ఉంది. అటెండరు తాళాలగుత్తి పుచ్చుకుని కుర్చీలోంచి లేవకుండానే, ఫెయిలైన పిల్లలకు ల్యాబులో ఏం పని అని గొణిగాడు. చిట్టి అతని ముఖం చూడకుండా, సెక్రటరీ గారు చూడమన్నారు అని అబద్ధం చెప్పింది. అతను బీరువా తెరిచి, విరిగితే డబ్బు కట్టాలని హెచ్చరించి పోయాడు.

నమూనా దవడ కూడా అసలుకు రెండింతల కొలతదే, పెద్ద సొరకాయంత ఉంది. అందులో ఏ పన్నుకాపన్ను ఊడదీసి మళ్ళీ గుచ్చేలా గుంటలున్నాయి. చిట్టి దాన్ని బల్ల మీద పెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చూసేందుకు గుంపు లేని రోజు దొరకలేదు మరి.

పై దవడ కుడి వైపు అంటే ఎటు? ఆ ప్రశ్న దానికి ఒక్క క్షణం నవ్వు తెప్పించింది. చేయి దానంతటదే తన కుడి పక్కకు వెళ్ళింది. వెళ్ళి, పన్నుకు తాకకుండా ఆగింది. దవడ తనకు ఎదురుగా ఉంది. ఎదుటివాడి కుడి తనకు ఎడమ పక్కన ఉంటుంది. చిట్టి చేయి అటు మార్చి, అక్కడి పన్ను ఊడదీసి, ఆ ఖాళీలో తన మైనపు పన్ను నిలబెట్టింది.

అది కుదరలేదు. బుగ్గ వైపు బుగ్గ వైపుకే పెడితే, ముందు మూలన ఉండాల్సిన బొడిపె వెనక మూలకు పోయింది. ముందు మూలను ముందుకే పెడదామని తిప్పితే, బుగ్గ వైపు ఉండాల్సినది అంగిలి వైపుకు తిరిగి కూర్చుంది. చిట్టి మరోసారి తిప్పింది. నమూనాయే తప్పేమో అనుకుంది. పుస్తకం గురించి కూడా ఇలాగే అనుకున్నానని అప్పుడు గుర్తొచ్చి, చెవులు వేడెక్కాయి.

దవడ అటు చివర, ఎడమ వైపు పన్ను ఊడదీసింది. మైనపు పన్నును ఆ ఖాళీలో వదిలింది. చేత్తో సర్దనక్కరలేకుండానే అది పక్క పళ్ళను ఆనుకుని, గట్టుకు గట్టు, గాడికి గాడి కలిపి కూర్చుంది. అంత చక్కగా అమరిన పన్ను ఆ దవడలో ఇంకొకటి లేదు. ఎడమ పన్ను. మొదటి దిమ్మ నుంచి ఆఖరి దిమ్మ దాకా తాను చెక్కిన ప్రతి కుడి పన్నూ ఎడమదేనని, ప్రతి ఎడమ పన్నూ కుడిదేనని చిట్టికి స్టూలు మీద కూర్చుని ఉండగానే అర్థమైంది. అద్దం దాన్ని ఏడాది పొడుగునా మోసం చేసింది, అది నమ్మింది. ఎవరిదిది అని పట్టకారు అడిగింది ఎవరు చెక్కారని కాదు. కుడి వైపున ఈ పన్ను మొలిచే నోరు లోకంలో ఎవరికుందని అడిగాడు. దానికి తాను బుద్ధిగా నాదే అని చెప్పింది. అందుకే వెనక బల్ల దగ్గర నవ్వారు.

చిట్టికి సిగ్గేసింది. ఆ వెంటనే ఆ మనిషి మీద కోపం రెట్టింపైంది. ఎడమది అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది? ఏడాదిలో ఎప్పుడన్నా ఒక్కసారి అనుంటే?

ఇంటికెళ్ళి బాబాయికి చెబుదామనే అనుకుంది. ఆయన అప్పటికే ఇద్దరు సంఘం మనుషులను కూర్చోబెట్టుకుని రేపు ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరెప్పుడు దగ్గాలో చెబుతున్నాడు. పనైందా అని అడిగితే చిట్టి అయింది అంది. నమూనా అక్కరలేదు, పన్ను ఒక్కటి చాలు అని కూడా అంది. ఎలాగూ గెలిచే కేసు. సున్నా వేసినవాడు కారణం రాయకపోవడం తప్పు, ఆ తప్పు ఆయనది. ఆయన తప్పు మీద తాను గట్టెక్కితే అందులో అన్యాయమేముంది? పడుకునేదాకా ఆ లెక్కనే అటూ ఇటూ వేసుకుంది, ప్రతిసారీ తనకే లాభం వచ్చింది.

సెక్రటరీ బియ్యం మిల్లు, సినిమా హాలు నడుపుతూ నడుపుతూ కాలేజీ కూడా నడుపుతున్న పెద్దమనిషి. తన నోట్లో పళ్ళు తప్ప మరో పన్ను ఎరగడు. పొడుగాటి బల్లకు ఒక పక్క పట్టకారు ఒక్కడే కూర్చున్నాడు. ఇంకో పక్క బాబాయి, ఇద్దరు సంఘం మనుషులు, చిట్టి. బాబాయి ముందు నెమ్మదిగా మొదలుపెట్టాడు. పిల్ల కష్టం, రాతపరీక్ష మార్కులు, అందరి ముందూ దొంగను చూసినట్టు ఎవరిదిది అనడం, అన్నీ వరసగా చెప్పి, సబ్బుపెట్టె తెరిచి పన్నును బల్ల మధ్యలో పెట్టాడు. సెక్రటరీ దాన్ని అరచేతిలోకి తీసుకుని అబ్బో అన్నాడు. సంఘం మనుషుల్లో ఒకడు సమయానికి దగ్గాడు.

"ఏమండీ, దీనికి సున్నా వేశారా?" అని సెక్రటరీ అడిగాడు.

"వేశాను," అన్నాడు పట్టకారు.

"ఎందుకు?"

"పన్ను తప్పు."

"ఆ ముక్క కాగితం మీద ఎందుకు రాయలేదు?" అని బాబాయి అందుకున్నాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. గొంతు ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయింది. ఇవాళ కనిపించిన తప్పు ఆ రోజు ఎటు పోయింది, ఇంటికెళ్ళి ఆలోచించుకుని వచ్చారా, రేపు ఇంకో తప్పు దొరుకుతుందా అని కడిగేశాడు. పట్టకారు చేతులు కట్టుకుని, మైనపు పన్నును చూస్తూ కూర్చున్నాడు. చెప్పదలుచుకున్నా చెప్పే సందు లేదు. ఆ ముఖం ఎర్రబడటం చిట్టి చూసింది. ఎంతకాలంగానో చూడాలనుకున్న దృశ్యం. తీరా చూస్తే అందులో అనుకున్నంత రుచి లేదు.

సెక్రటరీకి గొడవ సద్దుమణిగితే చాలు. కారణం రాయని సున్నా చెల్లదు, పిల్లకు పాస్ మార్కులు వేయండి, దీని మీద సంతకం పెట్టండి అని కాగితం పట్టకారు ముందుకు తోశాడు. అంతటితో ఊరుకుంటే చిట్టి రెండో ఏడాదిలోకి నడిచి వెళ్ళిపోయేదే. బాబాయిని పూర్తిగా మంచి చేసుకుందామని సెక్రటరీయే ఇంకో మాట కలిపాడు.

"ఇంత బాగా చెక్కిన పన్నును మైనం గిన్నెలో పారేయడమేంటండీ? ల్యాబులో అద్దాల బీరువాలో పెట్టిద్దాం. కింద అమ్మాయి పేరు, ఏ పన్నో రాయించి పెడితే కొత్తగా వచ్చే పిల్లలు చూసి నేర్చుకుంటారు."

బాబాయి ఛాతీ ఉప్పొంగింది. చిట్టికి మాత్రం ఆ బీరువా కళ్ళకు కట్టింది. అద్దాల వెనక ఎడమ పన్ను, దాని కింద కుడి వైపు అని రాసిన చీటీ, ఆ చీటీ మీద తన పేరు. వచ్చే ఏడు ఎవరో ఒక పిల్ల దాన్ని చూసి చెక్కుతుంది. ఆ పై ఏడు ఇంకెవరో చూసి నవ్వుతారు. తాను ఈ కాలేజీలో ఉన్నంతకాలం, పోయాక కూడా, తెలిసినవాళ్ళు వచ్చిపోయినప్పుడల్లా దాని ముందు నిలబడి నవ్వుతారు. సున్నాను భరించవచ్చు గాని దాన్ని భరించడం తనవల్ల కాదు. తన చేతిపనిని చూసి ఇంకొకరు నవ్వడమంటే చిట్టికి చావుతో సమానం.

"వద్దండీ," అంది. "అది ఎడమ పన్ను."

బాబాయి చిట్టి వైపు తిరిగి, నువ్వూరుకో అన్నట్టు కళ్ళతోనే అదిలించాడు. చిట్టి ఊరుకోలేదు. నాకొచ్చిన చీటీ కుడిది, నేను చెక్కింది ఎడమది, అద్దంలో నా నోరు చూసుకుని చెక్కాను, అద్దంలో కుడి పన్నుకు ఎడమ పన్ను రూపు వస్తుంది, ఆ సంగతి నాకు నిన్ననే తెలిసింది అని గబగబా చెప్పేసింది. సెక్రటరీ పన్నును తిప్పి చూసి, ఏమీ తేలక, కాలుతున్న వస్తువును దించినట్టు బల్ల మీద పెట్టాడు.

పట్టకారు ముఖం మీద కోపం తగ్గలేదు. "నిన్న తెలిసి, ఇవాళ ఇంతమందిని తీసుకొచ్చావా?" అన్నాడు.

"తెచ్చాను సార్. తప్పే. మీరు ఎవరిదని అడిగారు గాని ఎటు వైపుదని అడగలేదు. ఏడాది అంతా నేను తప్పు చెక్కుతుంటే చూస్తూ ఊరుకున్నారు."

"నువ్వు అడిగావా?"

"అడగలేదు. మీరు చెప్పలేదు."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మింగేసేలా చూసుకున్నారు. పట్టకారు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. సప్లిమెంటరీ వచ్చే వారమనీ, చీటీలో ఏదైనా రావచ్చనీ చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు సెక్రటరీ ఆయన చేత ఒక్కటి ఒప్పించుకున్నాడు. ఇకమీదట సున్నా వేస్తే పక్కన కారణం రాయాలి. అది గెలుపో ఓటమో తెలియక సంఘం మనుషులు దగ్గడం కూడా మరిచిపోయారు.

దారి పొడుగునా బాబాయి మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. డిపోలో ఒక్క కేసూ ఓడని మనిషి పరువు సొంత అన్న కూతురే గెలిచే కేసులో తీసింది. ఆ మనిషి నోరు మూసుకోవడం ఇంట్లో ఎప్పుడూ జరగని సంగతి. పిన్నికి కూడా తోచక రేడియో పెట్టింది. చిట్టి పక్కన కూర్చుంటే లేచిపోయాడు, మంచినీళ్ళిస్తే పిన్ని చేత ఇప్పించుకున్నాడు.

చిట్టికి మాత్రం ఏడవడానికి కూడా తీరిక లేదు. నోటినిండా పళ్ళున్నా అన్నీ తిరగబడి ఉన్నాయి దాని బుర్రలో. సప్లిమెంటరీలో చీటీ తీయగానే చేయి మళ్ళీ పాతదారి పడుతుందని దానికి తెలుసు. మర్నాడు ల్యాబుకెళ్ళి, సప్లిమెంటరీవాళ్ళ గుంపులో తనూ నిలబడి, కాస్త జరగండి అంది. ఎవరో వెటకారంగా దారిచ్చారు. ఆ మాట అనడం అనుకున్నంత కష్టమేమీ కాలేదు, వాళ్ళు నవ్విన నవ్వు మాత్రం సాయంత్రం దాకా చెవుల్లో మోగింది. అయినా నమూనా నమూనాయే. బతికున్న నోరు ఒకటి ఎదురుగా కావాలి. పిన్నిని అడిగితే, నా నోట్లో సగం పళ్ళు కట్టించినవే, అవి చూసి చెక్కితే ఈసారి సున్నా కంటే తక్కువ వేస్తారంది.

సాయంత్రం బాబాయి వరండాలో కుర్చీ వేసుకుని, పెదాలు బిగించి వీధిలోకి చూస్తున్నాడు. చిట్టి మైనపు దిమ్మ, కత్తి, టార్చి పట్టుకొచ్చి, ఆయనకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"బాబాయ్, తప్పయింది," అంది.

పలకలేదు.

"ముందు రోజే తెలుసు నాకు. నీకు చెప్పకుండా నిన్ను తీసుకెళ్ళాను."

అంతే. బిగబట్టిందంతా ఒక్కసారి తెగింది. ఏమే, తెలిసి తీసుకెళ్ళావా, డిపోలో నా మొహం ఎక్కడ పెట్టుకోను, యాభైమందిని కదిలిస్తానని ఫోన్‌లో కూసినవాణ్ణి, పిల్ల చేతిలో వెర్రివెధవనయ్యాను, నోట్లో నాలుకుంది కదా ముందే ఏడిస్తే ఏం పోయింది అంటూ హారన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. బాబాయి నోరు చెవులదాకా తెరుచుకుంది. చిట్టి టార్చి వెలిగించి ముందుకు వంగింది. ఆయన ఎడమ దవడ తనకు కుడి పక్కన ఉంది. కుడి దవడ ఎడమ పక్కన. పై వరసలో మొదటి పెద్ద పన్ను, దాని ముందు మూల, బుగ్గ వైపు గాడి, ఏది ఎటుండాలో అటే ఉంది. చిట్టి కత్తి తీసుకుని దిమ్మ మీద మొదటి గీత గీసింది.

"తిడుతుంటే ఏం చేస్తున్నావే?" అన్నాడు బాబాయి.

"చూస్తున్నాను బాబాయ్. ఇంకాస్త తెరువు, వెనక పళ్ళు కనపడట్లేదు."

బాబాయి దిమ్మను చూశాడు, కత్తిని చూశాడు, చిట్టి ముఖం చూశాడు. తిట్టడం ఆపేశాడు గాని, నోరు మాత్రం మూయలేదు.